మాస్టారి చరణం ఎవరు కట్టాలి

మా పాటల మాస్టారు మంగళవారం తెల్లవారుజామున పోయారు. గుణదలలోని మా చిన్న చర్చికి పాటలు కట్టిందీ, నేర్పిందీ ఆయనే. గవర్నర్‌పేట కొట్లో లెక్కలు రాసుకునే నా చేత హార్మోనియం పట్టించిందీ ఆయనే.

మా చర్చిలో ఎవరు పోయినా వారి మీద మాస్టారు ఒక చరణం కట్టేవారు. సమాధి దగ్గర అది పాడాకే మట్టి వేసేవాళ్లం. అందులో పొగడ్తలుండవు. ఒకాయన ప్రార్థనలో కునికేవాడని, ఒకావిడ కోడలికి దాచి మరీ చేపల పులుసు పెట్టేదని, ఉన్నదే ఉండేది. జనం ఏడుస్తూనే నవ్వేవారు.

మా పాటల పుస్తకంలో పాత పాటలు చాలావాటికి కట్టినవాళ్ల పేర్లే లేవు. మాస్టారిదీ మొదట్లో అదే దారి. "నాదేముందిరా, పైనుంచి వచ్చింది, పట్టుకున్నానంతే" అనేవారు. క్యాసెట్ల రోజుల్లో అట్ట మీద ఆయన పేరు వేశారు. వద్దు వద్దంటూనే ఆ అట్టను చొక్కా జేబులో పెట్టుకు తిరిగారు. "దేవుడితో అనకు. కొంచెం నాది కూడా ఉందిరా" అన్నారు నాతో.

ఈమధ్య మా కుర్రాళ్లు ఫోన్‌లో ఏఐకి నాలుగు మాటలు కొట్టి, రాగంతో సహా క్రిస్మస్ పాట చేయించి వినిపించారు. మాస్టారు మళ్లీ పెట్టించుకుని విన్నారు. "బాగానే ఉందిరా. పైనుంచి రాలేదు, వీళ్ల లోపల్నుంచీ రాలేదు. మరి వందనాలు ఎవరికి చెప్పాలి?" అన్నారు. ఆయన గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

సమాధి దగ్గర ఆయన మీద కూడా కుర్రాళ్లు ఫోన్‌తో చేయించిన పాటే పాడారు. తప్పుపట్టడానికి లేదు. దీపం, కాపరి, నిత్యజీవం, అన్నీ ఉన్నాయి. పాట అయ్యాక మాస్టారి భార్య నా వైపు తిరిగారు.

"ఇందులో ఈయనెక్కడ నాయనా? నువ్వు కట్టలేదా?"

ఆయన పోయిన గంట నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఒక్క పాదం కుదరలేదు. పైనుంచి ఏమీ రాలేదు. లోపల వెతికితే అక్కడా ఏమీ లేదు.

"నాకు రావట్లేదమ్మా."

"పాట ఎవరడిగారు? ఊరికే చెప్పు. అలా పంపకండి ఆయన్ని."

"శ్రుతి తప్పినవాణ్ణి తిట్టేవారు కాదు. వాడి పక్కకొచ్చి నిలబడి పాడేవారు" అన్నాను. అంతవరకే చెప్పగలిగాను.

చరణం అయిందో, ఇంకా ఉందో ఎవరికీ తెలియలేదు. గుప్పిళ్లలో తడిమట్టితో అందరూ నా నోటివైపే చూస్తూ నిలబడిపోయారు.