రెండు పటాల్లో ఒకే బావి

1947 ఫిబ్రవరి 12, బుధవారం, ఉదయం ఎనిమిదింటికి సర్వేయరు అనకాపల్లి నుంచి మా చెరకు తోటకు వచ్చాడు. పిలిపించింది నేనే. మాది జమీందారీ ఊరు. పక్కనే మా అక్క మెట్టిన ఊరు, అది సర్కారుది. సరిహద్దులోని బావి మా ఊరి పటంలో మాది, వాళ్ళ ఊరి పటంలో వాళ్ళది. ఇద్దరం తోడుకునేవాళ్ళం. అయినా జనం దాన్ని అక్క బావి అనేవారు. అదే నాకు కంట్లో నలుసు.

"ఏటే సెల్లీ, బావిని సంకనెట్టుకుని పోతావేటి?" అంది అక్క.

"నాదని తేలితే గట్టు మీదే కూకుంటాను. నన్నడిగి తోడుకుందువుగాని" అన్నాను.

సర్వేయరు రెండు పటాలనూ పక్కపక్కన పరిచాడు. అంచులు కలవలేదు.

"ఒక్కో ఊరిని ఒక్కో రాయి నుంచి కొలిచారమ్మా. రెండింటికీ ఒకే రాయి ఉండాలి" అని, మూడు ఊళ్ళు కలిసేచోటి రాయి నుంచి కొలత గొలుసు లాగించాడు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. బావి రెండు ఊళ్ళ మధ్య ఉండాల్సిన బండిబాటలో పడింది. అంటే మా ఇద్దరిదీ కాదు.

బండ్లు పడతాయని వేసవిలో దాన్ని పూడ్చేశారు. పూడుస్తుంటే అక్క "నా బావి" అని ఏడ్చింది. ఈ వయసులోనూ ఆ "నా" గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పోయినవి: బావి ఒకటి, నీళ్ళు లేక ఎండిన నా చెరకు ఎకరం, అక్కది ఎకరన్నర, మా ఇద్దరి మధ్య మాటలు.