హంగరీ చిత్రకారుణ్ణి చంపింది నేనే

ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఒకటి ఇవాళ మీతో చెబుతున్నాను. క్షమించమని అడగడానికి కాదు. ఆ సంగతి ముందే తేల్చేస్తే మీకూ నాకూ సుఖం.

డెబ్బైల చివర్లో ఒక వారపత్రికలో ఆంద్రాష్ కథలు మీలో కొందరైనా చదివి ఉంటారు. హంగరీ దేశస్థుడు. చిత్రకారుడు, రచయిత, నాటకాలకు తెరలు కూడా వేసినవాడు. కింద అనువాదకురాలిగా నా పేరు ఉండేది. ఆంద్రాష్ అనే మనిషి లేడు. రాజమండ్రిలో మా వంటింట్లో కూర్చుని నేనే పుట్టించాను.

నా పేరుతో పంపిన కథలన్నీ తిరుగు టపాలో వచ్చేవి. వాటికే ఊళ్ళ పేర్లు మార్చి, విదేశీయుడి పేరు తగిలించి పంపితే ఎడిటరుగారు నెత్తిన పెట్టుకున్నారు. సిగ్గుపడాల్సింది నేనా? ఈ రోజుకీ కాదనే అంటాను. నా దానూబు నదికి వానాకాలం రాగానే ఎర్రనీరు వచ్చేది, మధ్య లంకల్లో పొగాకు పండేది. ఇదేంటని ఒక్కరూ అడగలేదు.

తరవాత ఆంద్రాష్ జీవితం కూడా రాయమన్నారు. రాశాను. యుద్ధంలో కుడిచెయ్యి పోయిందనీ, ఎడమ చేత్తో మళ్ళీ మొదటినుంచి బొమ్మలు నేర్చుకున్నాడనీ. ఎందుకలా రాశాను? వారం వారం ఏదో ఒకటి జరగాలి కదా.

మా వీధిలో ఒక డ్రాయింగు మేష్టారుండేవారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. అది చదివి ఎడమ చేత్తో బ్రష్షు పట్టారు. మొదట వంకర గీతలు. తరవాత ఒక అరటిగెల. ఏడాది తిరిగేసరికి రావులపాలెం అరటి మార్కెట్టు మొత్తం. ప్రతి బొమ్మా తెచ్చి చూపించి, ఆంద్రాష్ గారికి రాయమనేవారు. రాశాననేదాన్ని. ఆయన మెచ్చుకున్నారనీ చెప్పేదాన్ని.

ఇంతలో పత్రికవాళ్ళు మూలపుస్తకం పంపమన్నారు. భయమేసింది. ఆంద్రాష్ చనిపోయాడని రాసి పంపేశాను.

మేష్టారు పట్టుబట్టి గ్రంథాలయంలో సంతాపసభ పెట్టించారు. ఫొటో లేదు కనక, తానే ఊహించి వేసిన బొమ్మకు బంతిపూల దండ వేశారు. నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను కూడా. సభ అయ్యాక మేష్టారు మెట్ల మీద నన్నాపారు.

“గురువుగారు పోయారు కదమ్మా. ఇంక చెయ్యి లేవట్లేదండి.”

“అలా అనకండి మేష్టారూ. అలవాటైన చెయ్యే కదండీ.”

“ఆయన చేసి చూపించారు గనక నేను చేశానండి. ఇందులో నాదేముందమ్మా?”

అప్పుడు చెప్పాల్సింది. ఆయన లేడండీ, ఎప్పుడూ లేడు, ఆ పని మొదట చేసింది మీరేనండీ అని. నోటిదాకా వచ్చింది. రెండు మెట్ల కింద, సభకని వచ్చిన ఎడిటరుగారు నిలబడి ఉన్నారు. ఇకమీదట నా పేరుతోనే సీరియల్ వేస్తామని అప్పుడే మాట ఇచ్చి ఉన్నారు. నోరు మూసుకున్నాను. రేపు చెబుదాం, పత్రికలో కాస్త కుదురుకున్నాక చెబుదాం, ఆయన ఒంట్లో బాగున్నప్పుడు చెబుదాం అనుకుంటూ ఉండగానే మేష్టారు పోయారు. పోయేదాకా మళ్ళీ బ్రష్షు ముట్టుకోలేదు.

ఆ అబద్ధానికి నేను తల దించను. అది ఒక మనిషి చెయ్యి లేపింది. దించింది మాత్రం నా మౌనం. దానికి క్షమాపణ ఎవర్ని అడగను? ఇవ్వాల్సినాయన లేరు. మీరిస్తానన్నా నాకొద్దు.

మేష్టారూ, ఆ చెయ్యి మీదేనండి. మీకెవరూ నేర్పలేదు.

అనేశాను.