కొలాబ్ నీటి మీద టోటో బ్యాటరీలు

2023 ఎండాకాలం, ఒడిశాలోని కోరాపుట్‌లో మా బ్యాటరీ కొట్టు. బొబ్బిలి నుంచి వచ్చి నాన్న పెట్టిన కొట్టును ఆయన తర్వాత నేనే నడుపుతున్నాను. చీర మీద యాసిడ్ చిల్లులు, చేతిలో మల్టీమీటర్ కనిపిస్తున్నా, "ఏటమ్మీ, కొట్లో ఎవులూ నేరా?" అని నన్నే అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "నాను మనిషిని కానేటి?" అంటాను.

సలోమి సిస్టర్ మాత్రం అలా అడగలేదు. ఆమె కొలాబ్ రిజర్వాయర్ అవతలి ఒడ్డున హెల్త్ సబ్‌సెంటర్‌లో నర్సు, శ్రీకాకుళం వైపు మనిషి. అక్కడికి పడవే దారి. రోడ్డున చుట్టు తిరిగి వెళ్తే పూట గడిచిపోతుంది. పడవ డీజిల్ ఇంజను చెడిపోతే, ఎవరో దాతలు ఎలక్ట్రిక్ మోటారు ఇచ్చారు గానీ బ్యాటరీలు ఇవ్వలేదు. వానల లోపు పడవ నడవకపోతే సెంటర్ మూసేసి ఆమెను వేరే చోటికి పంపేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పేశారు.

"నానైతే కదల్ను," అంది సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంటూ. "నెలలు నిండినోళ్ళని దేవుడి దయకి వదిలేసి ఎలా పోతాను? బేటరీలు సవగ్గా కావాలమ్మి. సవకన్నాను గదాని నడినీట్లో ఆగిపోయేవి అంటగట్టకు."

విశాఖలో పడవ సామాను అమ్మే డీలర్‌కు ఫోన్ చేశాను. లిథియం తప్ప ఇంకేదీ పనికిరాదన్నాడు. లిథియం తేలిక, మంచిది, కాదనను. కానీ ఊరు ఊరంతా చందా వేసుకున్నా ఆ ధర అందదు. ఆ మాటే చెబితే, "కొనలేనివాళ్ళకు మోటారు పడవ ఎందుకండీ?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అవతల కాన్పుకు వచ్చేది ఈదుకుంటూ రావాలా?

ఇక మా కొట్లో ఉన్నవాటినే చూశాను. కారు బ్యాటరీ చవకే గానీ, అది ఇంజన్‌ను స్టార్ట్ చేయడానికి ఒక్క ఊపు ఇచ్చేది. రోజూ దాన్ని పిండితే కొన్నాళ్ళకే చచ్చిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ ఎత్తు ఎక్కువ, పడవ ఊగితే ఒరిగిపోతుంది. మిగిలింది టోటో బ్యాటరీ, అంటే ఈ-రిక్షాది. పక్కనున్న దామంజోడి టౌన్‌షిప్‌లో తిరిగే టోటోలకు నేనే వేస్తుంటాను. డీప్ సైకిల్ రకం, రోజూ సగం దాకా వాడి మళ్ళీ ఛార్జ్ చేసినా తట్టుకుంటుంది. పొట్టిగా ఉంటుంది, పాడైతే మార్చడానికి నేను ఇక్కడే ఉన్నాను. దాని తప్పల్లా బరువు. పడవకు కావలసిన నాలుగూ కలిపితే ఇద్దరు మనుషుల బరువు.

గాలాడే చెక్కపెట్టెలో వాటిని బిగించి, నేనే రేవుకు తీసుకెళ్ళి పడవ మధ్యలో కట్టించాను. ఉత్త పడవ నడిపి చూపించి పోయే రకాన్ని కాను. సంత నుంచి తిరిగొచ్చే వేళకు, ఉప్పు మూటలతో, నూనె డబ్బాలతో సహా జనాన్ని ఎక్కించమన్నాను. ఎక్కారు. పడవ ముక్కు కిందికి దిగింది. ముందు కూర్చున్నామె కాళ్ళ మీదికి నీళ్ళు వచ్చాయి.

కేకలు పెడుతూ అందరూ దిగిపోయారు. సీసం నిండిన బ్యాటరీలు పడవలో పెడితే మునగక తేలుతుందా అని వార్డు మెంబరు ఒడియాలో పెద్దగా నవ్వాడు. నేను ఒడ్డున నిలబడి నవ్వించుకోవడానికి రాలేదు. పడవలోకి దిగి, ముక్కు దగ్గరి పలకలు పైకెత్తాను. కింద వరసగా బండరాళ్ళు.

వెనక డీజిల్ ఇంజను బరువుకు ముక్కు పైకి లేవకుండా పెట్టిన రాళ్ళు అవి. ఇంజను పోయింది, రాళ్ళు ఉండిపోయాయి. ఏళ్ళ తరబడి వాటి మీది పలకలపై కూర్చున్నవాళ్ళకు అవి పడవలో భాగమైపోయాయి. తీసేయమంటే పడవ నడిపే బలరాం ఒప్పుకోలేదు. అవి తన తండ్రి పెట్టినవని, తీస్తే పడవ తిరగబడుతుందని అక్కడి దేసియా భాషలో వాదించాడు. అతని భయాన్ని నేను తప్పు పట్టను, రేపు నీళ్ళ మీద ఉండేది అతనే.

సిస్టర్ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పడవలోకి వచ్చింది. "మీ నాన్న ఇంజనుకి పెట్టేడు బాబూ, బేటరీలకి పెట్టనేదు. తిరగబడితే ముందుగాల నానే మునుగుతాను," అని ఒక రాయి ఎత్తి నీళ్ళలో పడేసింది. రెండోది నేను ఎత్తాను. బలరాం ముందుకు వచ్చి, మిగతావి తానే తీశాడు.

మళ్ళీ ఎక్కించాం. ఈసారి పడవ సమంగా నిలబడింది. ఎదురుగాలిలో అవతలి ఒడ్డుకు చేరి మీటర్ చూస్తే సగం కంటే ఎక్కువే ఛార్జ్ మిగిలి ఉంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ తర్వాత కొనడానికి వచ్చినవాళ్ళతో నేను ముందు బ్యాటరీ మాట ఎత్తను. దేన్ని మోయాలి, దేన్ని ఊరికే మోస్తున్నారు అని అడుగుతాను. చవక సరుకు చాలదని చెప్పేవాళ్ళు ఆ రెండో సంగతి అడగరు.

ఈ ఏడు వానలకు ముందు ఆఫీసు నుంచి సిస్టర్‌కు మళ్ళీ ఫోన్ వచ్చింది, సెంటర్ మూసేసే విషయం మాట్లాడాలని. ఏం చెప్పారని సిస్టర్‌నే అడిగాను.

"పడవుంది, ఎక్కి రమ్మన్నాను," అంది. "ఇక్కడి ఆడోళ్ళందరి ముందర నిలబడి ఆ ముక్క సెప్పమన్నాను."

ఆఫీసు నుంచి ఇంతవరకూ ఎవరూ ఆ పడవ ఎక్కలేదు.