యాదగిరి మాస్టర్‌కు రావలసిన చీటీ

నేను బడి మానేసిన రోజు లెక్కల సారు మా ఇంటికొచ్చి మా నాన్నకు చేతులు జోడించారు. పిల్లవాణ్ణి మళ్లీ పంపమని కాదు. దయచేసి మనసు మార్చుకోవద్దని.

నవ్వారా? నవ్వితే మీరు నాకు మంచివారు. నా లోకంలో మనుషులు రెండే రకాలు: నా మాటకు నవ్వేవాళ్లు, నవ్వనివాళ్లు. ఆ లెక్క పట్టుకునే నేను ఒక మనిషి కుడి చెయ్యి పోగొట్టాను. పోగొట్టానో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. అలా చెప్పలేకుండా చేసిందీ నేనే. ఏళ్ల తరబడి నా లోపల మోస్తున్నది ఇదే. పెళ్లిళ్లలో నవ్వించాను, చావు ఇళ్లలో కూడా నవ్వించాను, ఇది మాత్రం ఎవరితోనూ అనలేదు. మీ ముఖం నాకు కనబడదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను సికింద్రాబాదులో ఒక చిన్న ఆసుపత్రిలో వార్డు బాయ్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. గ్రేస్ మేడమ్ అని ఒక డాక్టరు అక్కడ పక్షవాతం వచ్చినవాళ్ల మీద పరిశోధన చేస్తుండేవారు. గుంటూరు వైపు మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ వార్డు. చెయ్యి పడిపోయినవాళ్లకు మామూలుగా అయితే వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చి ఇంట్లో చేసుకోమంటారు. మేడమ్ పరీక్షిస్తున్న పద్ధతి వేరు. బాగున్న చేతిని గుడ్డతో కట్టేసి, పడిపోయిన చేత్తోనే అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం, గిన్నె ఎత్తడం, అన్నీ దగ్గరుండి చేయించాలి. అది నిజంగా మేలా కాదా తేల్చడానికి కొందరికి కట్టు, కొందరికి కాగితం. ఎవరికి ఏది అన్నది చీటీ చెబుతుంది. చీటీలు కవర్లలో పెట్టి అతికించి, పైన వరుసగా నంబర్లు వేశారు. రోగి ఒప్పుకున్నాక వరుసలో తర్వాతి కవరు వాళ్ల ముందే చించాలి. రోగుల్ని పిలిచేదీ, కవరు చించేదీ నేను.

“ఇట్లాంటి పనికి సదువుకున్నోళ్లను పెట్టుకోవచ్చు గద మేడమ్?” అన్నాను ఒకసారి.

“ఎవరైనా ఒకటేనయ్యా. నాకూ ఇష్టాలుంటాయి, నీకూ ఉంటాయి. త్వరగా కోలుకునేలా ఉన్నవాళ్లనే మనం కట్టులోకి తోసేస్తాం, మనకి తెలీకుండానే. అప్పుడు బాగుపడింది కట్టు వల్లో, మనిషి వల్లో ఎవరికి తెలుస్తుంది చెప్పు? చీటీకి ఇష్టాలుండవు. అందుకే చీటీ.”

నాకు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఇప్పుడు ఎంత సుఖంగా ఉండేది! బడి మానేసినవాడు, వీడికేం తెలుసు అని మీరూ వదిలేద్దురు. కానీ అర్థమైంది.

కవర్లు కొనుక్కొచ్చింది కూడా నేనే. మందపాటి ఖాకీ కవర్లు తెమ్మన్నారు. దుకాణంలో అవి లేవు. తెల్లవి, పల్చనివి తెచ్చాను. చీటీ మడిచి పెడతాం కదా, చాల్లే అన్నారు మేడమ్. కొన్నాళ్లకు ఒక పొద్దున ఆ కవర్ల కట్టను ఎక్స్‌రేలు చూసే లైటు డబ్బా మీద పెట్టాను. పైన ఉన్న కవరులోంచి సిరా నీడ తేలింది. పొట్టి నీడైతే ‘కట్టు’ అని రాసిన చీటీ. పొడుగు నీడైతే ‘మామూలు’, అంటే బొమ్మల కాగితం.

అప్పుడే వెళ్లి చెప్పి ఉంటే? చెప్పలేదు. చెప్పకపోగా సంబరపడ్డాను. పెద్ద డాక్టరుకు కూడా తెలియనిది నాకు తెలిసింది. కవర్ల వరుస మార్చలేను, కానీ వరండాలో కూర్చున్నవాళ్లలో ముందు ఎవర్ని పిలవాలన్నది నా నోటి మాట. పొట్టి నీడ వచ్చినప్పుడు నా జోకుకు నవ్వేవాళ్లను పిలిచాను. హుషారుగా ఉండేవాళ్లను, వయసులో ఉన్నవాళ్లను, లేచి నడవాలని తపన ఉన్నవాళ్లను. మూలన ముడుచుకుని ఏడ్చేవాళ్లకు పొడుగు నీడ. మేలు చేస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. బాగుపడేవాళ్లకు మంచిది ఇస్తే తప్పేముంది? అదే తప్పని మేడమ్ ముందే చెప్పారు కదా, మరి నా చెవులకు ఏమైంది?

యాదగిరి మాస్టర్ వచ్చింది ఆ రోజుల్లోనే. రెజిమెంటల్ బజార్‌లో జాకెట్లు కుట్టే దుకాణం ఆయనది, కటింగ్ మాస్టర్. కుడి చెయ్యి పడిపోయి, మూతి ఎడమవైపుకు లాగేసింది. మాట ముద్ద ముద్దగా వచ్చేది. భార్య అనసూయమ్మ పక్కనే నిలబడి కొంగుతో ఆయన పెదవి తుడుస్తూ ఉండేది. వరండా నిండా జనం. నాకు అంతకంటే ఏం కావాలి? ఆయన ముందు నిలబడి నా మూతి కూడా ఎడమకు వంకర పెట్టాను.

“ఏంది మాస్టర్, నోరు లెఫ్ట్ తీస్కున్నది? ఇండికేటర్ ఎయ్యలేదేంది?”

అందరూ నవ్వారు. అనసూయమ్మ తల దించుకుంది. ఆయన నవ్వలేదు. ఒక్కో మాటా కూడగట్టుకుని, వరండా అంతా చెవులు రిక్కించేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాడు.

“నా నోరు ఒక్క దిక్కన్న పోయింది బిడ్డా. నీ బతుకు ఏ దిక్కు పోలే.”

నా జోకుకు పడిన నవ్వు ఎంత, ఆ మాటకు పడిన నవ్వు ఎంత! ఊడ్చే ఆమె చీపురు కింద పడేసి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. అలా నవ్వడం నాకు అలవాటే. లోపల మాత్రం ఏదో కాలింది.

తర్వాతి కవరు పొట్టి నీడ. వరుస ప్రకారం ముందు పిలవాల్సింది యాదగిరి మాస్టర్‌ని. ఆయన వెనక బేగంపేటలో ఏదో ఆఫీసులో పనిచేసే కుర్రవాడు ఉన్నాడు, నేను ఏమన్నా ఒంటి చేత్తో తొడ చరుచుకుని నవ్వేవాడు. వాణ్ణి పిలిచాను. వాడికి కట్టు. తర్వాత మాస్టర్‌ని పిలిచి, ఆయన కళ్ల ముందే పొడుగు నీడ కవరు చించి, బొమ్మల కాగితం చేతికిచ్చాను. ఎడమ చేతికి.

“హోంవర్క్ మాస్టర్. మంచిగ చెయ్యి.”

అనసూయమ్మ చీటీని కళ్లకద్దుకుంది. దేవుడిచ్చింది ఇదేలే అంది.

కోపంలో చేశాననడం అబద్ధం. కోపం అప్పటికే చల్లారింది. తీరిగ్గా చేశాను. చేస్తున్నంతసేపూ నాకు బాగుంది.

నెలల తర్వాత పరీక్షకు వచ్చాడు. చెక్క పుల్లలు కుడి చేత్తో తీసి పలక మీది చిల్లుల్లో గుచ్చాలి. ఆయన వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్కటీ జారి కింద పడుతుంటే ఏరి ఇస్తూ నేనేదో జోకు వేశాను. ఆ రోజు ఆయన నవ్వాడు. మెల్లగా, నా ముఖంలోకి చూస్తూ, ఇతనితో మనకెందుకు అన్నట్టు నవ్వాడు. నేను గెలిచాను. అలాంటి గెలుపు పగవాడికి కూడా వద్దు.

ఫలితాలు వచ్చాయి. కట్టువాళ్లు బాగా కోలుకున్నారు, కాగితంవాళ్లు వెనకబడ్డారు. మేడమ్ ఎక్కడెక్కడో సభల్లో చెప్పారు, నా నోట్లో స్వయంగా మైసూర్‌పాక్ పెట్టారు. తర్వాత ఢిల్లీ వెళ్లిపోయారు. ఇప్పుడు మా ఆసుపత్రిలో అందరికీ కట్టే. ఆ గుడ్డ కట్టేది నేనే.

ఈ మధ్య బన్సీలాల్‌పేట్ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఉన్న ఒక్క మంచి చెయ్యీ కట్టేస్తుంటే ఏడుస్తూ, “గిది కట్టుకుంటే తగ్గుతదా కొడుకా?” అంది. నేను ముడి బిగించాను. ఆ గుడ్డకు శక్తి ఉందో, నేను ఏరి పంపిన మనుషుల్లోనే ఉందో ఎవరికి తెలుసు? కట్టు పనిచేస్తుందంటే యాదగిరి మాస్టర్ చెయ్యి తీసినవాణ్ణి నేను. పనిచేయదంటే ఆనాటి నుంచి ఇలా ఏడుస్తున్నవాళ్లందరి ఉసురూ నాకే. ఏదో ఒకటి నిజం కావాలి. ఏది నిజమో తూచి చెప్పగలిగిన త్రాసు ఒక్కటే ఉండేది. దాన్ని నా వేలితో ఒక పక్కకు నొక్కాను.

మేడమ్‌కు ఇంకా చెప్పలేదు. ఫోను చేతిలోకి తీసుకుంటాను, మళ్లీ పెట్టేస్తాను. ఆమె జీవితమంతా ఆ ఫలితం మీదే నిలబడి ఉంది. చెప్పాలి. ఎవరైనా అడిగితే రేపే చెబుతానంటాను, అది నా పాత వేషమే.

యాదగిరి మాస్టర్‌కు మాత్రం చెప్పాను. దుకాణానికి వెళ్లాను. అనసూయమ్మ కత్తెర పట్టి గుడ్డ కత్తిరిస్తోంది. ఆయన పక్కన కూర్చుని, పనిచేయని మోచేతిని గుడ్డ కదలకుండా బరువుగా ఆనించి, ఎడమ చేత్తో సుద్దముక్కతో వంకర గీతలు గీస్తున్నాడు. కవర్లూ, లైటు డబ్బా, నీడలూ, ఆ కుర్రవాడూ, అన్నీ చెప్పాను. ఒక్క జోకు కూడా వేయలేదు. చెబుతుంటే సిగ్గులేకుండా నా ఒళ్లు తేలికవుతూ వచ్చింది. అనసూయమ్మ కత్తెర ఆగిపోయింది. కొట్టండి, తిట్టండి, ఏమైనా అనండి అన్నాను.

ఆయన సుద్దముక్క పక్కన పెట్టాడు.

“గిన్నొద్దులు దేవుని మీద కోపం పెట్టుకున్న. ఆయన పెద్దోడు, ఆయన మీద కోపమంటే నాకు సుత జెర ఇజ్జత్ ఉండె. ఇప్పుడొచ్చి, గా కోపం నీ అసుంటోని మీద పెట్టుకొమ్మంటవార?”