మధ్యాహ్నపు ముద్ద

తొంభైల్లో నా భార్యకు టీచరు ఉద్యోగం వచ్చిందని అశోక్‌నగర్‌లో మేమున్న కిరాయి ఇంటి చుట్టుపక్కల అందరికీ మిఠాయి పంచాను. పోస్టింగు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మారుమూల ఊళ్లో అని తర్వాత తెలిసింది. సోమవారం తెల్లవారకముందే బస్సెక్కితే మళ్లీ శనివారం రాత్రికి రావడం. అక్కడ ఊరి పిల్లలందరి చేతా ఆమె అక్షరాలు దిద్దించేది. ఇక్కడ రెండో తరగతి చదివే మా ఒక్కగానొక్క కొడుకు నా పాలపడ్డాడు.

వాడి బడి నారాయణగూడలో. తల్లిదండ్రులంటే పనీపాటా లేనివాళ్లని ఆ బడివాళ్ల గట్టి నమ్మకం. బుధవారం తెల్ల బూట్లు, వాటికి తెల్ల పాలిష్. రేపటికి చార్టు కావాలని ఇవాళ సాయంత్రం చెప్తారు. చిక్కడపల్లిలో దుకాణాలు మూసే వేళకు చార్టు కోసం తిరుగుతూ ఎవరెవరిని తిట్టుకున్నానో ఇప్పుడు రాస్తే బాగుండదు. అవన్నీ ఎలాగో ఈడ్చుకొచ్చాను. అన్నం దగ్గరే ఓడిపోయాను.

వాడు తన చేత్తో తినడు. వాళ్లమ్మ ముద్దలు పెట్టి పెంచింది. రాత్రిపూట నేను పెడితే ఏదో కాస్త తినేవాడు కానీ, బడికి కట్టిచ్చిన డబ్బా సాయంత్రం అలాగే తిరిగొచ్చేది. బతిమాలాను, బెదిరించాను, ఒకసారి వీపు మీద ఒకటి వేశాను కూడా. ఒకరోజు క్లాసులో కళ్లు తిరిగి పడ్డాడని టీచరమ్మ నన్ను పిలిపించి, మధ్యాహ్నం ఎవరైనా వచ్చి తినిపించాల్సిందే అంది. ఎవరున్నారు, నేనే.

లోయర్ ట్యాంక్‌బండ్‌లోని ఆఫీసు నుంచి స్కూటరేసుకుని పరుగున వచ్చేవాణ్ని. బడి వరండాలో తల్లులు క్యారియర్లు విప్పుకుని పిల్లలకు తినిపిస్తుంటే, మగవాణ్ని నేనొక్కణ్నే. వీడు ముద్ద దవడన పెట్టుకుని కూర్చునేవాడు. ఇంతలో గంట కొట్టేవారు. తల ప్రాణం తోకకొచ్చేది. ఇంకోసారి ఆలస్యమైతే ఇంట్లోనే ఉండిపొమ్మన్నాడు మా ఆఫీసరు.

నల్లకుంట నుంచి ఒకామె తన కూతురికి తినిపించడానికి వచ్చేది. మా పక్కనే కూర్చుని రోజూ ఈ బాగోతం చూసేది. "అన్నా, జర నీ పని నువ్వు చూస్కో. మా బిడ్డతోని పాటు మీవోనికి గూడ నేనే పెడ్త," అంది. వద్దనడానికి నాలో రోషం మిగల్లేదు.

వాడు ఆమె చేతిలో తిన్నాడు. కొన్నాళ్లకు బుగ్గలు కూడా వచ్చాయి. కన్నకొడుకు కడుపు నిండుతోందంటే సంతోషించాలి కదా. ఖాళీ డబ్బా చూసిన ప్రతి సాయంత్రం నాకు ఒళ్లు మండేది.

ఆదివారాలు తన దగ్గర కూడా వాడు సరిగా తినడం లేదని నా భార్య గమనించింది. ఒక సోమవారం సెలవు పెట్టి, వాడికిష్టమైన ఆలుగడ్డ కూర చేసి, నాతో బడికొచ్చింది. మొదటి ముద్ద వాడు దవడన పెట్టుకున్నాడు. రెండోది పెట్టబోతే లేచి వెళ్లి, నల్లకుంట ఆమె ముందు కూర్చుని నోరు తెరిచాడు.

ఆమె బిత్తరపోయింది. అమ్మొచ్చింది కదా, అమ్మ దగ్గర తినమని వాణ్ని వెనక్కి పంపబోయింది. వాడు కదల్లేదు. నా భార్య చేతిలోని ముద్దను డబ్బాలో వేసి మూత పెట్టింది. "పెట్టక్కా, ఆకలైతున్నదేమో," అంది.

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ వెనక నా భార్య ఏడ్చిందో లేదో తెలియదు, నాకు మాత్రం ఏడుపాగలేదు. ఉద్యోగం మానేయమని నోటిదాకా వచ్చింది. ఒక్క జీతంతో ఇల్లు గడవదు.

మర్నాడు చీకటితోనే నా భార్యను బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సెక్కే ముందు ఆమె అడిగింది.

"ఆ అక్క అన్నం ఎట్ల కలుపుతదో మీరెన్నడన్న చూసిండ్రా?"

చూడలేదన్నాను.

"జర చూసి పెట్టుండ్రి. శనివారం వస్త గద, నేర్చుకుంట."