రెంటచింతలకు పదమూడో అక్షరం

పల్నాటి వాస్తవ్యులందరికీ ఇందుమూలంగా చేయు ప్రకటన ఏమనగా:

నేటి నుంచి శుభలేఖల్లో, ఫ్లెక్సీల్లో మార్జిన్లు ఎవరి ఇష్టం వారివి. ఎవరి పేరుకు తోక ఎక్కడ తెగినా అడిగేవాడు లేడు.

శుభలేఖ చేతిలో పెడితే పెళ్లికొడుకు ఎవరో చూడకుండా, ముందు లైనుకు ఎన్ని అక్షరాలో లెక్కపెట్టే మా ఖాజా నిన్న పొద్దున పోయాడు.

ఫోన్ వచ్చేసరికి గడ్డం గీసుకుంటున్నాను. అతని తమ్ముడు. "అన్న పోయాడు జోజన్నా" అన్నాడు.

"ఏ అన్నరా?" అన్నాను.

అవతల ఏడుపు వినపడింది. అప్పుడు అర్థమైంది.

సగం గడ్డంతోనే మాచర్ల బస్సెక్కాను. సాయంత్రం మట్టి వేసి వచ్చాను. మిగతా సగం ఇంకా గీయలేదు.

పొద్దున్నుంచి ఈ పోస్టు నాలుగుసార్లు రాసి డిలీట్ చేశాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు.

సరే. రాస్తాను.

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఒక మేడమీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. చెప్పులు బయట విడిచి పోవాలి. గుడికన్నా మడి ఎక్కువ. ఖాజా అక్కడ ఆపరేటర్. నేను టెన్త్ ఫెయిల్, మెట్ల కింద జిరాక్స్ మిషన్ నాది.

అప్పుడే రెంటచింతలలో, అంటే మా ఊళ్లో, కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. ముందు పరీక్ష చేసిన ముసలివాళ్ల వివరాలన్నీ ఖాజా డేటాబేస్‌లో ఎక్కించాడు. అందులోంచి ఆపరేషన్ అవసరమైన వాళ్లను మాత్రం ఏరి, ఒక ఫైలులోకి తీసి, ప్రింటు ఇవ్వాలి.

ఇప్పుడైతే ఎక్స్‌పోర్ట్ నొక్కితే అదే సర్దుకుంటుంది. అప్పుడు లైనుకు ఎనభై అక్షరాలు. అంతే. పేరుకు ఎన్ని, వయసుకు ఎన్ని, ఊరికి ఎన్ని, అన్నీ మనమే చెప్పాలి. ఎనభై ఒకటోది వచ్చిందా, జారి కింది లైన్లో పడుతుంది.

ఖాజా ఊరి కాలమ్‌కు పన్నెండు ఇచ్చాడు. నకరికల్లు దర్జాగా పట్టింది. ఇంగ్లీషులో రెంటచింతలకు పదమూడు అక్షరాలు. మా ఊరికి చివరి అక్షరం ఎగిరిపోయింది.

నేను ఊరుకుంటానా.

"ఒరేయ్, నకరికల్లోళ్లకు ఖాళీ మిగిలింది, మాకేమో తోక కోశావు. ఏందిరా ఈ అన్యాయం?" అని గొడవపెట్టాను. పోనీలే అని ఖాజా పదమూడు చేసి ప్రింటు ఇచ్చాడు.

ఆ లైన్లో ఆఖరి కాలమ్ ఒక్క అక్షరం, సరిగ్గా ఎనభయ్యోది. కుడి కన్నయితే ఆర్, ఎడమ కన్నయితే ఎల్.

మా ఊరికి తోక మొలిచింది. కన్ను కింద పడింది.

ఒకటో నంబరు మనిషి అక్షరం రెండో నంబరు నెత్తి మీద కూర్చుంది. రెండోది మూడో మనిషికి. లిస్టు పొడుగునా అంతే. మొదటామెకు ఏదీ లేదని చూసి, "కంప్యూటర్ మర్చిపోయిందిలే" అని ఆమెనే అడిగి పెన్నుతో రాసేశాను. మిగతావాళ్లను అడగాలని తోచలేదు.

క్యాంపులో వాలంటీరును నేను. ఏ కంటికి ఆపరేషనో ఆ కంటికి పైన, నుదుటి మీద ప్లాస్టర్ ముక్క అంటించడం నా పని. రెండో నంబరు మా పక్కింటి ఇన్నాసమ్మ అత్త.

"జోజిగా, ఈ కన్ను బానే కనపడుద్దిరా. మసకేసింది అవతలిది గదా."

"అత్తా, కంప్యూటర్ చెప్పింది. నీకంటే దానికి చానా తెలుసు."

"కంప్యూటరే చెప్పిందా? అయితే కానీలే నాయనా" అని కుదురుగా కూర్చుంది.

లోపల మొదటామెను బల్ల ఎక్కించారు. తర్వాత అత్తే. డాక్టరు చూసుకునేవాడులే అంటారు. ఏమో. ఆ మాట మీద నేను ఒక కన్ను పందెం కాయను.

అప్పుడు దిగాడు ఖాజా. పొద్దున సెంటర్లో ఫైలు తెరిచి చూసి, దొరికిన బస్సెక్కి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. ఎవరితో మాట్లాడకుండా వరసగా ప్లాస్టర్లు పీకేశాడు. కనుబొమ్మలు ఊడొచ్చి ముసలివాళ్లు ఒకటే తిట్లు. "ఎవుడ్రా వీడు, తోలు ఒలుస్తన్నాడు."

ఒక్కొక్కరి కన్ను అరచేత్తో మూసి, వేళ్లు చూపించి అడిగాడు. "ఎన్ని పెద్దమ్మా?"

కుడి కన్ను మూస్తే ఇన్నాసమ్మ అత్త అంది: "ఏళ్లా? ఏళ్లెక్కడున్నయి నాయనా?"

క్యాంపు పెద్దలు చుట్టూ మూగారు. ఖాజా తలెత్తి "నాదే తప్పు. వెడల్పు నేనే పెంచా" అన్నాడు.

ఆ వారమే సెంటర్ వాళ్లు అతన్ని మాన్పించారు. మాచర్లలో వాళ్ల నాన్న లేత్ షెడ్డులో చేరాడు. మళ్లీ కీబోర్డు ముట్టలేదు.

ఈ కథ నేను ప్రతి పెళ్లిలో చెప్పాను. 'కన్ను ఖాజా' అని పేరు పెట్టింది నేనే. మీరంతా నవ్వారు. అతనూ నవ్వేవాడు, టీ గ్లాసులోకి చూస్తూ.

నిన్న అతని తమ్ముడు పదిమందిలో "అన్న తప్పు ఒప్పుకున్న సంగతి చెప్పు జోజన్నా" అన్నాడు. చెప్పాను. బాగానే చెప్పాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు.



కానీ ఖాజా ఆ రోజు 'నాదే తప్పు' అనలేదు. ఆ ఒప్పుకోలు నేను కల్పించింది.

అసలు పదమూడే చేయనన్నాడు. "మీ ఊరికి ఒకటిస్తే కన్ను కిందపడుద్దిరా" అని ముందే చెప్పాడు. శుక్రవారం నమాజుకు వెళ్లాడు. నేను అతని కుర్చీలో కూర్చుని, పన్నెండును పదమూడు చేసి, ప్రింటు తీసి సంచిలో పెట్టుకుని మా ఊరి బస్సెక్కాను.

"ఎవరు చేశారయ్యా ఇది?" అని పెద్దలు అడిగినప్పుడు ఖాజా నా వైపు చూశాడు. నేను చెబుతానని ఆగాడు.

"కంప్యూటర్ పని ఇతనిది. టెన్త్ ఫెయిలోణ్ణి, నాకేం తెలుసు" అన్నాను.

అతను వంగి తర్వాతి ముసలామె కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజూ, ఆ తర్వాతా.

ఖాజా, వెడల్పు పెంచింది నేను. వెళ్లిరా. అల్లా దగ్గరైనా నీకు నెమ్మది దొరకాలి.