చాప వేరు చేసిన హనుమక్క

హనుమక్క చేతులు వేపాకు ఈనెలు తీస్తున్నాయి. ఎంత మెత్తగా నూరినా ఈనె ముక్క ఒక్కటి మిగిలితే చాలు, పిల్లాడి ఒంటిమీద నీటిపొక్కు చిట్లుతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు, చేసి నేర్చుకుంది. చాకవేలు ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డకు అమ్మవారు పోసినా పిలుపు ఆమెకే. పసుపు, వేపాకు పూసేది ఆమే, పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాక తలకు నీళ్లు పోసేదీ ఆమే. అందాకా ఆ ఇంట్లో తాలింపు పెట్టరు, ఎవరూ ఊరు దాటరు.

ఆ ఎండాకాలం రూప కొడుకు చంద్రుకు పోసింది. పొక్కులు లేచి ఒక్క రోజయింది. హనుమక్క నూరుతుండగానే రూప అత్త చౌడమ్మ రెండేళ్ల మనవరాలు మంజుశ్రీని ఎత్తుకొచ్చి అన్న పక్కన చాపమీద పడుకోబెట్టింది.

"దాన్నేంటికి చౌడమ్మా ఆడ పండేస్తాండావు?"

"రానీ. ఇద్దరికీ ఒకేసారి వచ్చిపోతే పీడా పోతాది. ఒకసారి వస్తే మళ్లా రాదు గదా!"

రూప తట్టుకోలేకపోయింది. "పోయిన చలికాలం ఊపిరాడక చచ్చి బతికింది అత్తా ఇది. తట్టుకుంటాదా? చిక్కబళ్లాపురంలో పిల్లల డాక్టరు అమ్మవారు పోయకుండా సూది వేస్తాడంట."

"ఎప్పుడో వేసినారు లేవే. భుజంమీద మచ్చ చూడు. నాకూ ఉండాది. బిడ్డను జల్లెడ చేస్తావా?"

హనుమక్క చెయ్యి కడుక్కుని చంద్రు చొక్కా కొంచెం పక్కకు జరిపింది. "వీనికీ ఉండాది మచ్చ. అయినా వచ్చిందే!"

రూప దగ్గరకొచ్చి కూర్చుంది. "సూది వేస్తే రాదా హనుమక్కా? వచ్చిపోయిందే మేలా?"

"నాకు తెలీదమ్మా. నాకు తెలిసింది వచ్చినాక చేసే పని. రాకముందు సంగతి ఆ డాక్టరునే అడుగు. ఈ పొద్దే అడుగు."

"అమ్మవారు ఇంట్లో ఉండంగా ఊరు దాటుతారా!" చౌడమ్మ అరిచింది.

హనుమక్క ఆలోచనలో పడింది. ఇన్నేళ్లూ ఆ కట్టు తప్పనివ్వనిది తనే. రేపు ఈ పాపకు ఏమైనా అయితే ఊళ్లో ఇంక ఏ గడపా తనను పిలవదు. కానీ ఆ కట్టు పెట్టిందెందుకు? పోసినవాళ్లు నలుగురిలో తిరిగి అంటించకూడదనే కదా. పాప నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. ఒంటిమీద ఒక్క పొక్కూ లేదు.

"పోసింది చంద్రుకు. కట్టు వానికి. ఇది పోతాది. కోపమొస్తే అమ్మ నామీదికే రానీ." పాపను చాపమీది నుంచి ఎత్తి రూప చంకకు ఇచ్చింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చి రూప డాక్టరు మాటలు చెప్పింది. ఆ మచ్చలు వేరే రోగాల సూదులవట, దీన్ని ఆపవట. రోగం వచ్చిపోతే ఒంట్లో తట్టుకునే శక్తి గట్టిగానే నిలుస్తుందట. కానీ దానికోసం కావాలని రోగం అంటిస్తే ఏ బిడ్డకు ముదురుతుందో ఎవరూ చెప్పలేరట. సూది వేశాక కూడా కొందరికి కొంచెం రావచ్చట, తేలిగ్గా పోతుందట. అంటుకున్న కొత్తలోనే తెచ్చారు, మంచి పని చేశారని పాపకు సూది వేసి పంపాడట.

"వచ్చేదే అయితే సూదేంటికి?" అంది చౌడమ్మ.

"గొడుగేసుకున్నా కాళ్లు తడుస్తాయి. అట్లని గొడుగు పారేస్తామా?" అని, హనుమక్క పాపకు వేరే గదిలో చాప వేసింది.

చంద్రు పొక్కులు ఎండుతున్న రోజుల్లో పాప వీపున నాలుగైదు లేచాయి. చౌడమ్మ పరుగున వచ్చి పిలిచింది. "రా, చూద్దువు నీ సూది గొప్ప!"

హనుమక్క పోయి చూసింది. పొక్కులు చిన్నవి, జ్వరం లేదు. పాప చెంబు బోర్లించి వాయిస్తూ ఉంది. "ఊపిరి విను" అంది హనుమక్క. చౌడమ్మ పాప వీపుకు చెవి ఆనించి చాలాసేపు వింది. ఊపిరి సాఫీగానే ఆడుతోంది. గంజి కాచడానికి లేచింది.

చంద్రు పూర్తిగా తేరుకున్నాడు. శుక్రవారం ఇద్దరికీ నీళ్లు పోసేయమని చౌడమ్మ తొందరపెట్టింది. పాప చెవి వెనక ఒకటి ఇంకా తడిగా ఉందని హనుమక్క ఒప్పుకోలేదు. అదీ ఎండి పక్కు కట్టిన మంగళవారం, ఎండకు కాగిన వేపాకు నీళ్లు ముందు చంద్రుకు, తర్వాత పాపకు పోసింది. మెత్తటి పాత చీరలో చుట్టి, తడి ఒత్తి, పాపను తెచ్చి చౌడమ్మ చేతుల్లో పెట్టింది.